ఢిల్లీశ్వరరావు మోకాళ్ళ మందు

ఢిల్లీశ్వరరావు ఆఫీసుకి పదింటికి వస్తాడు. ఆయన వాసన మాత్రం పావుగంట ముందే వచ్చి, ఫ్యాను వేసుకుని, కుర్చీలో కూర్చుంటుంది. పాపం, ఆ మనిషికి ఇంకో చెడ్డ అలవాటంటూ లేదు. కిళ్ళీ వెయ్యడు, చాడీలు చెప్పడు, ఒకరి టీ కప్పు ఇంకొకరి మీదికి తొయ్యడు. ఉన్నదల్లా ఒక్కటే. మోకాళ్ళ నొప్పులని చెప్పి రోజుకో మందు పూసుకుంటాడు. పూసుకోవడమంటే మీరూ నేనూ రాసుకున్నట్టు వేలికొసతో కాదు. గోడకి సున్నం కొట్టినట్టు.

ఒకరోజు వెల్లుల్లి వేసి మరగబెట్టిన ఆవనూనె. ఆ రోజు ఎవరో మూకుడు పొయ్యి మీద పెట్టి పెళ్ళికి వెళ్ళిపోయినట్టు ఉంటుంది ఆఫీసు. ఇంకోరోజు వేపనూనె. కర్పూరం కలిపిన కొబ్బరినూనె పూసుకొచ్చిన రోజున, అలవాటు కొద్దీ ఆయన టేబులు ముందు ఓ ముసలమ్మ చెప్పులిప్పి దండం పెట్టుకుంది. పండగలకైతే మొగలిపువ్వు అత్తరు. మన గంజాం మొగలి అత్తరు సంగతి తెలిసిందేగా, పెళ్ళికొడుక్కి చెవి వెనక ఒక్క చుక్క అద్దితే పందిరంతా ఘుమఘుమలాడుతుంది. ఈయన దాన్ని అరచేతిలో పోసుకుని రెండు మోకాళ్ళకీ మర్దనా చేస్తాడు.

షేరాటోలో ఆయన ఎక్కితే ఎక్కినవాళ్ళు దిగిపోతారు. వానాకాలంలో దోమల మందు కొట్టేవాళ్ళు మిషన్లు వీపుకి తగిలించుకుని వచ్చి, మెట్ల మీదే ఆగి, "ఇక్కడ ఎవలో ముందే కొట్టీసినారు" అని వెనక్కి తిరిగారు. నిజం చెప్పొద్దూ, ఆ మేడ మీద రెండేళ్ళుగా దోమ కుట్టిన మనిషి లేడు. ఎదురు టేబులు అమ్ములు మాత్రం అంతకంటే దోమలే నయం అంటుంది.

అమ్ములు కథ చెప్పాలి. బరంపురం కొత్త బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు బీమా కంపెనీ బ్రాంచి అది. పడవలకీ, వలలకీ, గేదెలకీ బీమా చేస్తారు. గోపాల్‌పూర్ అవతలి బెస్తపల్లె నుంచి రోజూ బస్సెక్కి వచ్చి అందులో పనిచేస్తుంది అమ్ములు. తండ్రి గురువులు వేటకెళ్తాడు. తల్లి కన్నమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఆ పల్లెలో డిగ్రీ చదివి కుర్చీ ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల ఈమే. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ వచ్చు. మూడింట్లోనూ పోట్లాడ్డం ఇంకా బాగా వచ్చు. కోపం ముక్కు మీదే ఉంటుంది, దానికి తోడు ఆ ముక్కుకి ఎదురుగా ఢిల్లీశ్వరరావు కూర్చున్నాడు.

పోనీ ఆయన నోరు మూసుకుని కూర్చుంటాడా అంటే అదీ లేదు. పొద్దున్నే సంచి కుర్చీకి తగిలించి, ముందుకి వంగి, వంట రుచి అడిగే ఇల్లాలిలా అడుగుతాడు.

"అమ్ములమ్మా, వస్తందా?"

"ఏటి బాబాయ్?"

"అదే, మందు వాసన. వస్తందా, నేదా?"

"బస్టాండు దాకా వస్తంది."

"సాల్లే," అని ఆయన తృప్తిగా వెనక్కి వాలతాడు. "నిన్న కాస్త తగ్గినట్టుందని బెంగెట్టుకున్నాను."

అమ్ములు పళ్ళు నూరుకుంటుంది. తిట్టినా పొగిడినట్టు మొహం పెట్టేవాణ్ణి ఏం చేస్తాం. "ఈ రోజు గోపాల్‌పూర్ దాకా ఎల్లుంటది, మా అయ్య పడవలో తుమ్ముతా ఉంటాడు" అని ఒకసారి అంటే, ఆయన ఆ పూటంతా హుషారుగా పనిచేశాడు.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. అగరొత్తులు వెలిగించింది. మందూ అగరొత్తూ కలిసి ఇంకో మూడో వాసన పుట్టింది, దానికి పేరు లేదు. ముక్కుకి మాస్కు కట్టుకుంది. ఢిల్లీశ్వరరావు జాలిపడి, "జలుబా అమ్మా, నీలగిరి తైలం ఇస్తానుండు" అని సీసా తీశాడు. ఇంటి నుంచి టేబులు ఫ్యాను తెచ్చి ఆయన వైపు తిప్పింది. ఆ గాలికి వాసన లేచి వెళ్ళి మేనేజరు గదిలో దూరింది. మేనేజరు వచ్చి ఆమెనే కేకలేశాడు. చివరికి ఆయన పుట్టినరోజుకి ఖరీదైన గంధం సబ్బు కొనిచ్చింది, బుద్ధొస్తుందని. మర్నాడు ఆయన ఆ సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, దాని మీద వేపనూనె పూసుకుని వచ్చాడు.

"సబ్బు శానా బాగుందమ్మా. మందు బాగా పట్టింది."

అన్నిటికంటే ఒళ్ళుమండే సంగతి ఒకటుంది. ఆ మోకాళ్ళ నొప్పుల మనిషి మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. కరెంటు పోయినప్పుడు బల్లెక్కి ఫ్యూజు వేసేది కూడా ఆయనే. "నొప్పి ఎక్కడ బాబాయ్, ఎక్కడా కనపడదే" అని అమ్ములు నిలదీస్తే, "మందు పనిచేస్తందన్నమాట" అంటాడు.

ఇలా కిటికీలు తెరిచి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, అమ్ములు ఎలాగో నెట్టుకొచ్చింది. అప్పుడు వచ్చింది ఏసీ.

ఏసీ కోసం మేనేజరు వైకుంఠరావు రెండేళ్ళు భుబనేశ్వర్ హెడ్డాఫీసు చుట్టూ తిరిగాడు. అది గోడకెక్కిన రోజున కొబ్బరికాయ కొట్టి, కిటికీలన్నిటికీ స్క్రూలు బిగించేశాడు. గాలి బయటికి పోదు, బయటి గాలి లోపలికి రాదు. ఆ రోజు మందు ఆవనూనె. మధ్యాహ్నానికి అమ్ములు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏసీలోంచి చల్లటి వెల్లుల్లి వీస్తోంది. వెల్లుల్లి చల్లగా ఉంటే ఎంత ఘోరంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

అదీ ఓర్చుకునేదేమో. కానీ వైకుంఠరావు దాని వెనకే ఒక రూలు పెట్టాడు. పడవల బీమా కోసం వచ్చే పల్లెవాళ్ళు లోపలికి రాకూడదు. మెట్ల మీద నిలబడాలి. ఆఫీసు తుడిచి, టీలు అందించే కూర్మమ్మ బయటికెళ్ళి కాగితాలు తీసుకుని వస్తుంది.

"ఎందుకండీ?" అని అమ్ములు వెళ్ళి అడిగింది.

"కథేటంటే అమ్ములూ, ఏసీ గది కదా. చేపల వాసన లోపలే తిరుగుతాది. మళ్ళీ పోదు."

"మరి ఢిల్లీశ్వరరావు గారో?"

"ఆయన స్టాఫు. అది మందు. అది వేరు."

ఏం వేరో అమ్ములుకి అర్థం కాలేదు. వేపనూనెకి కుర్చీ, చేపకి మెట్లు. ఆ రోజు నుంచి ఆమె తన పల్లెవాళ్ళు వస్తే తనే బయటికెళ్ళి, మెట్ల మీద వాళ్ళ పక్కన కూర్చుని ఫారాలు నింపడం మొదలుపెట్టింది. ప్రతిసారీ తలుపు దడాలున వేసేది. తలుపుకి తెలుసు ఆమె కోపం ఎంతో.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కన్నమ్మ వచ్చింది. పడవ బీమా కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. కూతురు పనిచేసే ఆఫీసని కొత్త కోక కట్టుకుంది, తలకి పువ్వులు పెట్టుకుంది. పైకెక్కగానే మెట్ల మీదే ఆపేశారు. పైన రేకు, కింద సిమెంటు, మధ్యలో కన్నమ్మ. అమ్ములు తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి ఆమె వెనకే లోపలి గాలి కూడా వచ్చింది.

కన్నమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ, ఏటే ఆ కంపు. లోపల ఎవులైనా సచ్చిపోనారా?"

"మోకాళ్ళ మందే అమ్మా. మా ఆఫీసాయనది."

"ఆ కంపు కుర్సీలో కూకుందా?"

"ఊఁ."

"మరి నానేటే మెట్ల మీద?"

అమ్ములు వేలిముద్ర వేయించి, తల్లిని బస్సెక్కించి, తిరిగొచ్చేటప్పుడు ఆమె మొహం చూసి కూర్మమ్మ టీ ఇవ్వకుండానే తప్పుకుంది. నిజానికి ఆ కోపం పడాల్సింది వైకుంఠరావు మీద. రూలు పెట్టినవాడు ఆయన. కానీ అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు. మేనేజరు గదికి తలుపుంది, ఢిల్లీశ్వరరావు ఎదురుగా ఉన్నాడు. పైగా అప్పుడే ముందుకి వంగి అడిగాడు కూడానూ.

"అమ్ములమ్మా, ఈ పూట సరిగ్గా వస్తన్నట్టు నేదు. వస్తందా?"

అమ్ములు కంప్యూటరు తన వైపు లాక్కుని భుబనేశ్వర్ ఆఫీసుకి ఫిర్యాదు టైపు చేసింది. ఈ మనిషి వాసనకి పనిచెయ్యలేకపోతున్నాం, ఊపిరాడటం లేదు, వెంటనే చర్య తీసుకోవాలి అని. ప్రింటు తీసి తిప్పితే స్టాఫంతా పెన్నులు వెతుక్కుని మరీ సంతకాలు పెట్టారు. వైకుంఠరావు కూడా పెట్టాడు. కూర్మమ్మ ఒక్కతే, "నాకు సంతకం రాదమ్మా" అని చీపురు పట్టుకుని పక్కకెళ్ళిపోయింది. జీతం రోజున వస్తుంది ఆవిడకి సంతకం.

కొన్నాళ్ళకి ఆర్డరొచ్చింది. ఢిల్లీశ్వరరావుని భంజనగర్ బ్రాంచికి మార్చారు, ఒకటో తారీకు నుంచి. రిటైరవ్వడానికి ఇంక ఎంతో లేదు ఆయనకి. బరంపురంలో సొంత ఇల్లు, పాత వీధి, ఎరిగున్న మనుషులు. పెళ్ళాం పోయాక ఒంటి మనిషి. ఆ వయసులో కొండల కింద ఊరికెళ్ళి అద్దెగది వెతుక్కోవాలి, లేదంటే పొద్దున్నా రాత్రీ బస్సులో ఒళ్ళు హూనం చేసుకోవాలి. అమ్ములుకి ఇదంతా తెలుసు. తెలిసే, తన తప్పేం లేదని మనసులో పదిసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న కొద్దీ చిరాకు పెరిగింది.

ఆయన మాత్రం ఆర్డరు చదివి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "బాగానే ఉంది. భంజనగర్ నీళ్ళు మంచివంటారు," అన్నాడు. తర్వాత అమ్ములు వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నీకు పర్మినెంటు కాగితం ఎప్పుడొస్తాది?"

"వచ్చీసింది కదా. ఏసీ రాకముందే."

ఢిల్లీశ్వరరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "వచ్చీసిందా. నాకు సెప్పనే నేదు. సెప్పుంటే ఆ పూటే మానీసి ఉందును గదా."

"ఏటి మానీసేది?"

ఆయన గతుక్కుమన్నాడు. "ఏటీ నేదు. టీ. టీ మానీద్దామనుకున్నాను," అని సొరుగులో తల దూర్చి సీసాలు వెతకడం మొదలుపెట్టాడు.

తన కాగితానికీ ఆయన టీకీ ఏం సంబంధం? అమ్ములుకి ఒక పట్టాన వదిలే గుణం లేదు. తిన్నగా వెళ్ళి, గిన్నెలు కడుగుతున్న కూర్మమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"సెప్పు పిన్నీ. సంతకం ఎందుకు పెట్టలేదు నువ్వు?"

"నాకు సంతకం..."

"జీతం రోజు సూసేను. సెప్పు."

కూర్మమ్మ చేతులు కడుక్కుంది, కొంగుకి తుడుచుకుంది, తలుపు వైపు చూసింది. అన్నీ అయ్యాక చెప్పింది. "సెప్పొద్దన్నాడు. నువ్వు సేరిన వారమే అనుకో. నువ్వు కింద జిరాక్సుకి ఎల్లావు. మేనేజరు బయటికొచ్చి, ఏటిది, ఆఫీసులో సేపల కంపు, ఆ కొత్త పిల్లదేనా అన్నాడు. ఇలగైతే కష్టం, ఇంకా పర్మినెంటు కాలేదు గదా, పంపీద్దాం అన్నాడు. అప్పుడు ఢిల్లీశ్వరరావు బాబు లేచి నిలబడ్డాడు. నాది సార్, మోకాళ్ళకి సేపనూనె పూసుకున్నాను అన్నాడు."

అమ్ములు కూర్మమ్మకి ఇంకా దగ్గరికి జరిగింది.

"మేనేజరు, ఛీఛీ, ఆ మందు మార్చండి అన్నాడు. మర్నాటి నుంచి బాబు మార్చడం మొదలెట్టినాడు. ఇప్పటికీ మారుస్తానే ఉన్నాడు."

"అంతకుముందు?"

"అంతకుముందు ఏటి పూసుకునీవోడు? పౌడరు కూడా నేదు."

అమ్ములు లేచి, చున్నీ చివర ముక్కు దగ్గర పెట్టుకుంది. వేపనూనె తప్ప ఇంకేం తెలియలేదు. రోజూ తెల్లారకుండా తల్లితో పాటు ఇసకలో నెత్తళ్ళ చేపలు పరిచి, తిరగేసి, అప్పుడు స్నానం చేసి బస్సెక్కుతుంది. పుట్టినప్పట్నుంచీ ఆ గాలే. అందులో వాసన ఉందని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

"పిన్నీ, నిజం సెప్పు. నా దగ్గర వచ్చీదా?"

"వచ్చీదేమో కొంచెం. సముద్రం ఒడ్డు పిల్లవి, సంపెంగి వాసన వస్తాదా?" అని కూర్మమ్మ మళ్ళీ గిన్నెలు అందుకుంది.

ఇంకొకరైతే ఏడ్చేవారు. అమ్ములుకి ఒళ్ళు మండిపోయింది. ముందు వైకుంఠరావు మీద, తర్వాత ఢిల్లీశ్వరరావు మీద, ఆ తర్వాత అంత పెద్ద ఫిర్యాదు టైపు చేసిన తన పది వేళ్ళ మీద. విసవిసా నడిచి టేబులు దగ్గరికొచ్చింది. ఆయన సీసాలన్నీ సంచిలో సర్దుతున్నాడు.

"బాబాయ్, నీకు మోకాళ్ళ నొప్పులున్నాయా?"

"ఉన్నాయి గదమ్మా."

"ఏ మోకాలు?"

ఆయన రెండు మోకాళ్ళనీ మార్చి మార్చి చూసుకున్నాడు. "ఇదనుకో. అదీ అప్పుడప్పుడూ."

"కూర్మమ్మ సెప్పీసింది."

ఢిల్లీశ్వరరావు చేతిలోని సీసాని మెల్లగా బల్ల మీద పెట్టాడు. అమ్ములు ఎదురుగా నిలబడే అడిగింది.

"నా దగ్గర అంత కంపొచ్చీదా నీకు?"

"నాకేటి తెలుసమ్మా. నాకసలు వాసన రాదు."

"ఏటి?"

"పెళ్ళైన కొత్తలో పెద్ద జొరమొచ్చింది. జొరం పోయింది, దాంతో పాటు వాసనా పోయింది. అప్పట్నుంచీ నాకు మల్లెపువ్వూ, మురుక్కాలవా ఒక్కటే."

"మరి ఎంత పూసుకోవాలో ఎలగ తెలిసీది?"

"తెలీదు. అందుకే గదా రోజూ నిన్నడిగేది. మందు పైకి రావాల, నీది కనపడకూడదు. బస్టాండు దాకా వస్తందంటే, సాల్లే అనుకునేవాణ్ణి. నువ్వు మాటాడని రోజున భయమేసి ఇంకో పూత పూసీవాణ్ణి."

పక్క టేబులాయన ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాడు. అమ్ములుకి నవ్వు రాలేదు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు బాబాయ్? నన్ను ఒక్క మాటడిగావా? మా అమ్మ ఎండలో మాడి ఎండబెట్టిన సేప అది. దొంగసొత్తు కాదు. ఎవలికైనా నచ్చకపోతే నా మొహం మీద సెప్పాల, నేను జవాబు సెప్పాల. నా వాసన దాసడానికి నువ్వెవరు? అదేటి, సిగ్గుపడే సంగతా?"

"తప్పే అమ్మా," అన్నాడు ఆయన వెంటనే. "అడగాల్సింది. కానీ ఎలగడగను? కొత్తగా వచ్చిన పిల్లవి. భయం భయంగా, కుర్సీ సివర కూకునేదానివి. నీ దగ్గర సేపల వాసన వస్తందట అని సెప్తే, మర్నాటి నుంచి రావేమో అనిపించింది."

"వచ్చేదాన్నే."

అంది గానీ, వచ్చేది కాదని ఆమెకే తెలుసు. అప్పటి అమ్ములు వేరు. ఆ మాట ఆనాడు చెవినపడితే, మధ్యాహ్నం బస్సుకే ఇంటికెళ్ళి, ఇంక బరంపురం మొహం చూసేది కాదు. ఆ సంగతి ఈయనకి తెలియడం, తనకిప్పుడు తెలియడం, రెండూ కలిసి కోపం నెత్తికెక్కింది. ఆ కోపాన్ని ఈసారి దుత్త మీద పడనివ్వలేదు. సరాసరి అత్త గదిలోకే తీసుకెళ్ళింది.

వైకుంఠరావు అద్దాల గదిలో గులాబీ సెంటు కొట్టుకుంటున్నాడు.

"సార్, ఆ ఫిర్యాదు ఎనక్కి తీసుకుంటన్నాను."

"అదెలగవుద్ది. ఆర్డరు వచ్చీసింది కదా."

"అయితే ఇంకో ఫిర్యాదు రాస్తాను. సేపల వాసన నాదని రాస్తాను. నన్ను పంపీద్దామని మీరన్న మాట రాస్తాను. మెట్ల మీద నిలబెట్టిన పడవలోళ్ళందరి చేతా వేలిముద్రలు వేయిస్తాను. ఈ బ్రాంచిలో బీమాలు ఎక్కువ ఎవలివో భుబనేశ్వర్ వాళ్ళకి బాగా తెలుసు."

"ఆవేశపడకమ్మా. కథేటంటే..."

"కథ నేను సెప్తాను. మీకు చద్దన్నంలోకి సుఖువా, అదే ఎండుసేప, కాల్చి పెట్టకపోతే ముద్ద దిగదు. మీ ఇంట్లో గిన్నెలు తోమేదీ కూర్మమ్మే, నాకు తెలుసు. ఆ సుఖువా ఎక్కడిది? చెట్టుకి కాసిందా? మా అమ్మలాంటోళ్ళు ఎండబెట్టిందే గదా."

"అది ఇంట్లో," అన్నాడు వైకుంఠరావు. "ఇది ఆఫీసు."

"ఇంట్లో తిన్న నోరే గదండీ ఆఫీసుకొచ్చేది."

ఆయన అద్దాల అవతలికి చూశాడు. స్టాఫంతా ఇటే చూస్తున్నారు. సంతకాలు పెట్టినవాళ్ళు మళ్ళీ పెన్నులు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఈసారి ఎటు పెట్టమంటే అటు పెట్టడానికి. కూర్మమ్మ చీపురు అడ్డంగా పట్టుకుని గుమ్మంలో ఉంది.

"హఉ, హఉ, అలగే," అన్నాడు వైకుంఠరావు చివరికి. "ఫోన్ చేస్తాను. అందరూ రాసిస్తే ఆర్డరు ఆపుతారేమో. కానీ ఆ నూనెలు మాత్రం ఇంక వద్దు."

"నూనెలు ఉండవు. మెట్లూ ఉండవు. మావోళ్ళు లోపలికొచ్చి కూకుంటారు."

"ఏసీ పాడైపోతుందమ్మా."

"పాడైతే కిటికీలు తెరుద్దాం."

ఆర్డరు ఆగడానికి పది రోజులు పట్టింది. ఈలోగా అమ్ములు రోజూ ఫోన్ చేసింది, మూడు భాషల్లోనూ. భుబనేశ్వర్ వాళ్ళు ఆమె గొంతు వినలేక ఆపారని ఆఫీసులో చెప్పుకుంటారు. పల్లెవాళ్ళు లోపలికొచ్చారు. మొదటి రోజు కుర్చీ అంచున కూర్చున్నారు, రెండో వారానికి ఏసీ ఇంకాస్త పెంచమన్నారు.

ఇక ఢిల్లీశ్వరరావు. మందు పూసుకోకుండా వచ్చిన మొదటి రోజు ఆయన వచ్చిన సంగతే ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నం దాకా పనిచేసి, టీ ఎందుకివ్వలేదని అడిగితే, "మీరెప్పుడొచ్చినారు బాబూ?" అని కూర్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆయన అటెండెన్సులో సెలవు వేసి ఉంది.

అమ్ములు మాత్రం ఆయనతో పలకడం లేదు. రెండేళ్ళు తనకి చెప్పకుండా దాచాడన్న కోపం ఆమెకి తగ్గలేదు. తగ్గేలా కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఎదురుగా అన్నం డబ్బా మూత తీశాడు. రెండేళ్ళ తర్వాత అమ్ములు ముక్కుకి తెరిపి దొరికింది కదా, ఠక్కున పట్టేసింది. ఆయన చెయ్యి నోటి దాకా వెళ్ళకముందే డబ్బా లాక్కుంది.

"ఎప్పటిది ఈ పప్పు?"

"నిన్న రాత్రిది. మొన్నదో."

"బుడగలొస్తన్నాయి."

"కొంచెం పులుపు తగిలితే, సింతపండు ఎక్కువైందనుకున్నానమ్మా."

"రోజూ ఇలగే తింటన్నావా?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "మా ఆవిడున్నప్పుడు తనే వాసన సూసి పెట్టేది. ఇప్పుడెవలున్నారు సూడ్డానికి. అప్పుడప్పుడూ కడుపులో తిప్పుతాది. మళ్ళీ తగ్గిపోతాది."

"లేని మోకాళ్ళ నొప్పికి రెండేళ్ళు మందు పూసుకున్నావు. ఉన్న కడుపునొప్పి మాత్రం ఎవలికీ సెప్పవు. నీ అంత మొండి మనిషిని నేను సూడలేదు బాబాయ్," అని ఆమె గట్టిగానే తిట్టింది. పప్పు పట్టుకెళ్ళి పారబోసింది. తన అన్నంలో సగం ఆయన డబ్బాలోకి తోసింది. తోసేటప్పుడు కూడా తిడుతూనే ఉంది.

అప్పట్నుంచీ మధ్యాహ్నం కాగానే ఢిల్లీశ్వరరావు డబ్బా ముందు అమ్ములు టేబులు మీదికెళ్తుంది. ఆమె పని ఆపి, మొహం ముడుచుకుని, మూత తీసి వాసన చూస్తుంది. పాడైతే తిట్టి పారబోస్తుంది. పాడవకపోతే తిట్టి ఇస్తుంది. ఆయన చేతులు కడుక్కుని, పరీక్ష రాసిన పిల్లాడిలా ఎదురుచూస్తుంటాడు.

మొన్న శుక్రవారం వంకాయ కూర తెచ్చాడు. ఆమె మూత తీసింది, చూసింది, డబ్బా వెనక్కి తోసింది.

"తిను. బాగానే ఉంది. ఉప్పు తక్కువ."

"వాసనకే ఉప్పు తెలిసిపోద్దా అమ్మా?"

"మాకు తెలుస్తాది," అంది అమ్ములు, కంప్యూటరు వైపు తిరుగుతూ.

ఆయన నమ్మలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, ఆలోచించి, లేచి కూర్మమ్మ దగ్గరికి ఉప్పు కోసం వెళ్ళాడు.